పదిహేడవ ఏట

సికింద్రాబాదు నగరం 1806లో మూడవ నిజాం సికిందర్ జా పేర వెలసింది. ఆంగ్ల సైన్యం విడిది చేసిన దండు ప్రదేశం కావడం వల్ల ఇక్కడికి వచ్చిపోయిన ఉద్యోగులకు లెక్క లేదు. వారిలో ఎక్కువమంది పేర్లు కాలగర్భంలో కలిసిపోయాయి. ఒకని పేరు మాత్రం బేగంపేటలోని ఒక పాత భవనానికీ, నల్లకుంటలోని వైద్యశాలకూ నేటికీ నిలిచి ఉన్నది. నల్లకుంట ఆసుపత్రిని జనం ఫీవర్ ఆసుపత్రి అనే పిలుస్తారు. దాని అసలు పేరులో ఉన్న రోనాల్డ్ రాస్ ఎవరో అక్కడ చీటీ కోసం వరుసలో నిలబడిన వారిలో చాలామందికి తెలియదు.

1897 ఆగస్టు 20వ తేదీన బేగంపేట సైనిక వైద్యశాలలో రాస్ ఒక దోమను కోసి పరిశీలిస్తూ, దాని జీర్ణాశయపు గోడలో మలేరియా పరాన్నజీవి ఉనికిని గుర్తించాడు. ఈ కృషికి 1902లో అతనికి నోబెల్ బహుమతి లభించింది. బ్రిటన్ దేశానికి అదే తొలి నోబెల్. ఇంతవరకు శాస్త్రపాఠాలలో చదువుకున్నదే. ఆ సూక్ష్మదర్శిని ముందుకు అతడు ఏ దారిన వచ్చాడన్నది అంతగా ప్రచారంలో లేని కథ. ఇంటర్మీడియట్ ముగించి, ఇక మీదట ఏమి చేయాలన్న ప్రశ్న ముందు నిలిచిన వారికి ఆ కథే ఎక్కువ అవసరం.

రాస్ 1857 మే 13న హిమాలయ సానువుల్లోని అల్మోరాలో జన్మించాడు. తండ్రి ఆంగ్లేయుల భారత సైన్యంలో అధికారి. ఆనాటి ఆంగ్ల కుటుంబాల ఆచారం ప్రకారం ఎనిమిదవ ఏట బాలుని ఇంగ్లండుకు పంపి, బంధువుల ఇంట ఉంచి చదివించారు. ఆ బాలునికి కవిత్వమన్నా సంగీతమన్నా ప్రాణం. గణితంలో బహుమతి పొందాడు. పదహారవ ఏట చిత్రలేఖన పరీక్షలో ప్రథముడిగా నిలిచాడు. కళాకారుడో రచయితో కావాలని అతని కోరిక. తండ్రి కోరిక వేరు. కొడుకు వైద్యుడై, భారతదేశపు వైద్య సర్వీసులో చేరాలని ఆయన నిశ్చయించాడు.

బిడ్డ ఏమి చదవాలో తండ్రి నిర్ణయించడం మన సాహిత్యానికి కొత్త కాదు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదుని చండామార్కులకు అప్పగించింది తనకు ఇష్టమైన విద్య నేర్పించడానికే. అయితే ప్రహ్లాదుడు ఎదురు చెప్పాడు, రాస్ చెప్పలేదు. 1874లో, పదిహేడవ ఏట, లండనులోని సెయింట్ బార్తలోమ్యూ వైద్య కళాశాలలో మౌనంగా చేరిపోయాడు.

చేరినంత మాత్రాన మనసు మారలేదు. శవపరీక్ష గదిలో గడపవలసిన కాలాన్ని స్వరాలు కట్టడానికీ, పద్యాలు, నాటకాలు రాయడానికీ వెచ్చించాడు. ఫలితం ఊహించదగినదే. వైద్యవృత్తికి కావలసిన పరీక్షలలో ఒకటి గట్టెక్కాడు, ఇంకొకటి తప్పాడు. కొంతకాలం అట్లాంటిక్ సముద్రం మీద తిరిగే ఓడలలో వైద్యుడిగా పనిచేస్తూ మళ్లీ చదివి ఆ పరీక్షలో నెగ్గాడు. 1881లో భారత వైద్య సర్వీసులో చేరి మద్రాసు ప్రాంతానికి వచ్చాడు. తండ్రి కోరిక నెరవేరింది. కొడుకు మాత్రం తీరిక దొరికినప్పుడల్లా గణితగ్రంథాలు తిరగవేస్తూ, నవలలు రాస్తూ కాలం గడిపాడు. 1889లో అతని నవల ఒకటి అచ్చయింది. అప్పటికి అతని వయస్సు ముప్పైరెండు. వైద్యశాస్త్రంలో అతని పేరు ఎవరికీ తెలియదు.

మార్పు వచ్చింది 1894లో. సెలవు మీద లండను వెళ్లిన రాస్‌కు పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు మలేరియా రోగి రక్తంలోని పరాన్నజీవిని సూక్ష్మదర్శినిలో చూపించాడు. దోమలకూ ఈ వ్యాధికీ సంబంధం ఉన్నదని మాన్సన్ అనుమానం. దానిని నిరూపించే పనిని రాస్ నెత్తిన వేసుకున్నాడు. 1895లో సికింద్రాబాదుకు వచ్చి, మలేరియా రోగిని కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున ఆ రోగికే చెల్లిస్తూ ప్రయోగాలు మొదలుపెట్టాడు. పై అధికారులు నడుమ కలరా పనికి బెంగుళూరుకు పంపారు. తానే మలేరియా బారిన పడ్డాడు. 1897 వేసవి తరువాత మళ్లీ సికింద్రాబాదులో, గాలి ఆడని గదిలో, కోసిన దోమలు ఎగిరిపోతాయని పంకా కూడా వేయించుకోకుండా కూర్చున్నాడు. చెమట కారి సూక్ష్మదర్శిని మరలు తుప్పు పట్టాయి. అద్దం బీటలు వారింది. తప్పు జాతి దోమలను వందల కొద్దీ కోసిన తరువాత మచ్చల రెక్కల దోమ చేతికి చిక్కింది.

ఈ కథను తల్లిదండ్రులు తమకు అనుకూలంగా చెప్పుకోవచ్చు. తండ్రి మాట విన్నాడు కనుకనే నోబెల్ వచ్చిందని వారు వాదించవచ్చు. ఆ వాదంలో ఒక లోపం ఉంది. 1874 నుండి 1894 దాకా ఇరవై సంవత్సరాలు తండ్రి ఎంపిక చేసిన వృత్తిలోనే ఉన్నాడు, సామాన్యుడిగా మిగిలాడు. ముప్పైయేడవ ఏట తాను స్వయంగా ఎంచుకున్న ప్రశ్న దొరికినప్పుడే అతనిలోని శక్తి మేల్కొన్నది. పిల్లలు కూడా ఈ కథను తమ పక్షాన చెప్పుకోలేరు. ఇష్టం లేని వైద్యవిద్యే లేకపోతే ఆ ప్రశ్న అతనికి అర్థమయ్యేదే కాదు. చిత్రమేమంటే, పదిహేడవ ఏట పక్కన పెట్టిన గణితం వృథా కాలేదు. ఒక ప్రాంతంలో దోమలు ఎంత తగ్గితే మలేరియా అంతరిస్తుందో లెక్కకట్టే సూత్రాలను తరువాతి కాలంలో రాస్ రూపొందించాడు. అంటువ్యాధుల వ్యాప్తిని గణితంతో అంచనా వేసే శాస్త్రానికి అవి పునాదులలో ఒకటి. 2020లో కరోనా వ్యాపించినప్పుడు పత్రికలలో కనిపించిన వ్యాప్తి రేటు లెక్కల వెనుక ఆ పునాది ఉన్నది.

జంట నగరాలలోనే రాస్ కంటే కొంత ముందు మరొక ఇంట ఇదే సంఘర్షణ జరిగింది. అఘోరనాథ్ చటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో శాస్త్రంలో డాక్టరేటు పొంది, హైదరాబాదులో కళాశాల విద్యకు పాదులు వేసిన పండితుడు. 1879లో పుట్టిన తన పెద్దకూతురు సరోజిని గణితవేత్తో శాస్త్రజ్ఞురాలో కావాలని ఆయన ఆశించాడు. బీజగణితపు లెక్క కుదరక కూర్చున్న పదకొండేళ్ల బాలికకు లెక్కకు బదులు కవిత స్ఫురించింది. పన్నెండవ ఏట ఆమె మద్రాసు విశ్వవిద్యాలయపు మెట్రిక్యులేషన్‌లో రాజధాని మొత్తానికి ప్రథమస్థానం సంపాదించింది. ఆ తరువాత ఏ కళాశాలలోనూ చేరక కొన్నేళ్లు చదువుతూ, రాస్తూ గడిపింది. 1895లో నిజాం ప్రభుత్వ విద్యార్థివేతనంతో ఇంగ్లండు వెళ్లి లండనులో, కేంబ్రిడ్జిలో చదివింది. పట్టా పుచ్చుకోకుండానే 1898లో తిరిగి వచ్చింది. నేటి లెక్క ప్రకారం అది చదువు మధ్యలో ఆగినట్లే. ఆమెను సరోజినీ నాయుడుగా లోకం ఎరుగును. తండ్రి తన ఆశను కూతురి మీద రుద్దకపోవడం ఆ ఇంటి సంస్కారం. నిజాం విద్యార్థివేతనం దొరకడం అదృష్టం. అటువంటి అదృష్టం అందరికీ పట్టదన్నది కూడా గుర్తుంచుకోవలసిన విషయమే.

తిరుమలగిరిలో 1934లో పుట్టిన శ్యామ్ బెనెగల్ కథ ఇంకొక రీతిది. తండ్రి ఛాయాగ్రాహకుడు. ఇంట్లోని కెమెరాతో పన్నెండేళ్లకే చిన్న చిత్రం తీసిన ఈ బాలుడు సికింద్రాబాదులోని మహబూబ్ కళాశాల ఉన్నత పాఠశాలలో చదివాడు. 1893లో వివేకానందుడు చికాగో వెళ్లడానికి ముందు ప్రసంగించిన ప్రాంగణమది. బెనెగల్‌కు సినిమా మీద ఉన్న ఇష్టం చిన్ననాడే తెలిసిపోయింది. చేరడానికి కళాశాల లేదు. పూనాలో చలనచిత్ర శిక్షణ సంస్థ 1960లో గాని ఏర్పడలేదు. అతడు అర్థశాస్త్రంలో ఎం.ఏ. చదివి, బొంబాయిలో ఒక వాణిజ్య ప్రకటనల సంస్థలో రాతపనికి కుదిరాడు. సబ్బులకూ నూనెలకూ ప్రకటనలు తీస్తూ కెమెరా పని, కూర్పు పని నేర్చుకున్నాడు. తొలి కథాచిత్రం ‘అంకుర్’ 1974లో విడుదలైంది. అందులోని పల్లె తెలంగాణ పల్లె. పాత్రల భాష ఇక్కడి దక్కనీ. అప్పటికి అతని వయస్సు నలభైకి చేరువ. 2024 డిసెంబరులో కన్నుమూసే నాటికి అతడు భారతీయ చలనచిత్ర రంగంలో అత్యున్నతమైన ఫాల్కే పురస్కార గ్రహీత. కోరుకున్న చదువు లేనప్పుడు దానికి దగ్గరగా ఉన్న పనిలో చేరి, అన్నం సంపాదించుకుంటూ వేచి ఉండటం కూడా ఒక నిర్ణయమే.

నేటి విద్యార్థి ముందున్న దారులు ఆనాటి కంటే ఎక్కువ. తెలంగాణలో ఇంజినీరింగుకు ఈఏపీసెట్, వైద్యానికి నీట్ అన్న సంగతి చెప్పనక్కరలేదు. సాధారణ డిగ్రీ ప్రవేశాలకు 2016 నుండి దోస్త్ విధానం ఉన్నది. న్యాయశాస్త్రంలో ఐదేళ్ల చదువుకు ఇంటర్మీడియట్ తరువాతనే చేరవచ్చు. ఒక సంగతి మాత్రం ముందుగా తెలుసుకోవాలి. ఈ తలుపులు రెండు వైపులా తెరుచుకోవు. ఎం.పి.సి. చదివినవారు చరిత్రలోనో తెలుగులోనో బి.ఏ. చేయవచ్చు, హెచ్.ఇ.సి. చదివినవారు ఇంజినీరింగుకు పోలేరు. కనుక నిర్ణయంలో సగం పదవ తరగతి ముగిసిన నెలలోనే జరిగిపోతుంది. ఆ వయస్సులో గ్రూపును ఎన్నుకునేది చాలాసార్లు విద్యార్థి కాదు. పక్కింటి పిల్లవాడు ఏమి తీసుకున్నాడన్న వాకబు.

పక్కదారులను చిన్నచూపు చూడటం మన సంఘంలో పాతుకున్న అలవాటు. పదవ తరగతి తరువాత పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చునని ఎందరు తల్లిదండ్రులకు తెలుసు? సికింద్రాబాదు 1966 అక్టోబరు 2న ఏర్పడిన దక్షిణ మధ్య రైల్వేకు కేంద్రం. లాలాగూడ కర్మాగారం నిజాం కాలం నాటిది. ఐ.టి.ఐ. ధ్రువపత్రంతో అప్రెంటిస్‌లుగా చేరి, పనిముట్టు పట్టడం నేర్చి, ఇల్లు నిలబెట్టుకున్న కుటుంబాలు ఆ చుట్టుపక్కల వీధుల్లో తరతరాలుగా ఉన్నాయి. ఇంటికి వెంటనే సంపాదన అవసరమైన విద్యార్థి పనిచేస్తూనే చదవడానికి 1982లో స్థాపితమైన సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడు అది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేర నడుస్తున్నది. ఈ దారిన నడిచేవారు తక్కువవారన్న భావన, నిజానికి, పెళ్లి పత్రికల్లో పేరు పక్కన ఏమి అచ్చు వేయాలన్న ఆలోచన నుండి పుట్టినదే తప్ప విద్య నుండి పుట్టినది కాదు.

ఆడపిల్లల విషయంలో చర్చ చాలా ఇళ్లలో మరొక మలుపు తిరుగుతుంది. ఏ చదువు అన్న ప్రశ్న, కళాశాల ఎంత దూరం, బస్సు ఎన్ని గంటలకు అన్న ప్రశ్నలుగా మారిపోతుంది. అన్నకు దూరపు హాస్టలు, చెల్లెలికి వీధి చివరి డిగ్రీ కళాశాల దక్కడం వింత కాదు. నూటపాతికేళ్ల కిందట పదహారేళ్ల సరోజినిని ఓడ ఎక్కించిన నగరంలో ఈ ప్రశ్నలు ఇంకా మిగిలి ఉండటం ఆలోచించదగినది.

ఫలితాలు వెలువడే వారం గురించి చెప్పక తప్పదు. పరీక్ష తప్పినందుకు ప్రాణం మీదికి తెచ్చుకున్న పిల్లల వార్తలు దాదాపు ప్రతి సంవత్సరం పత్రికల్లో వస్తాయి. తప్పిన సబ్జెక్టును కొద్ది వారాలలోనే మళ్లీ రాయడానికి అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉన్నది. మార్కులపై అనుమానం ఉంటే తిరిగి లెక్కించమని, జవాబు పత్రం నకలు చూపమని అడగవచ్చు. ఈ మాట ఇంట్లో ఫలితాలకు ముందే అనుకోవాలి. ఆ రోజు వినే స్థితిలో ఎవరూ ఉండరు. ఓడ మీద పనిచేస్తూ రెండవసారి పరీక్షకు చదివిన రాస్ పేరు, తప్పిన ఆ పరీక్ష వల్ల ఎక్కడా చిన్నబోలేదు.

బేగంపేటలో దోమ కడుపులో ఆ నల్లని చుక్కలను చూసిన దినాన రాస్ మొదట చేసిన పని తాను చూసినది గీసుకోవడం. పదహారవ ఏట చిత్రలేఖనంలో ప్రథముడైన చేయి అది. మరునాడు ఇంకొక దోమను కోసి అవే చుక్కలు పెరిగి ఉండటం గమనించి నిర్ధారించుకున్నాడు. ఆ పిమ్మట ఆ దినాలలోనే కాగితం తీసుకుని, వైద్యపత్రికకు వ్యాసం పంపడానికి ముందే, దూరంగా ఉన్న భార్యకు ఆ సంగతిని కవితగా రాశాడు.