ప్రశ్నలు - జవాబులు: క్యూలో నిలిచిపోయిన ఉత్తరములు

ప్రశ్న: మా కళాశాల మెయిల్ సర్వరును ఇటీవల ఒక క్లౌడ్ యంత్రము మీదికి మార్చితిమి. నడుపుచున్నది పోస్ట్‌ఫిక్స్. బయటినుండి ఉత్తరములు వచ్చుచున్నవి గాని మేము పంపునవి ఒక్కటియు పోవుట లేదు. సర్వరును పలుమార్లు రీస్టార్ట్ చేసినను ఫలితము శూన్యము. దోషమెక్కడ?
— ఒక కళాశాల ఉద్యోగి, కాకినాడ

జవాబు: అయ్యా, రీస్టార్ట్ చేయుటకు పూర్వము ‘మెయిల్‌క్యూ’ అను ఆజ్ఞ నిచ్చి, అది చూపు పట్టికను నిదానముగా చదువుడు. ప్రతి ఉత్తరమునకును మొదటి పంక్తిలో దాని గుర్తింపు సంఖ్య, పరిమాణము, చేరిన వేళ, పంపినవారి చిరునామా ఉండును. దాని క్రింద కుండలీకరణములలో, ఆ యుత్తరము ఏల నిలిచినదో ఆ కారణము వ్రాయబడి యుండును. ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అను మాటయే, ఏ ఒక్క డొమైన్‌కో గాక, జీమెయిల్‌కును, యాహూకును, ఇతర కళాశాలలకును సమానముగా కనబడుచున్నచో, లోకమునందలి సర్వరులన్నియు ఏకకాలమున చెడిపోవుట అసంభవము గావున, దోషము మీ యంత్రమునుండి వెలువడు మార్గమునందే కలదని నిశ్చయింపవచ్చును.

నిర్ధారణకై మీ సర్వరునుండియే జీమెయిల్ ఎం.ఎక్స్. సర్వరు 25వ పోర్టునకు టెల్‌నెట్ చేయుడు. 220 అను సంఖ్యతో స్వాగతవాక్యము వచ్చెనేని మార్గము తెరచియున్నదన్నమాట. ఏమియు రాక మౌనమే మిగిలినచో నడుమ ఏదో ఫైర్‌వాల్ మీ ప్యాకెట్లను మ్రింగివేయుచున్నది. స్పామ్ పంపువారి దురాగతముల వలన అమెజాన్ ఈసీటూ, గూగుల్ క్లౌడ్ వంటి సేవలు వెలుపలికి పోవు 25వ పోర్టును ఆదినుండియే నిరోధించి యుంచుచున్నవి. లోనికి వచ్చు మార్గమునకు ఆ నిరోధము లేనందుననే మీకు ఉత్తరములు వచ్చుచున్నవి. పోస్ట్‌ఫిక్స్‌ను ఎంత సవరించినను ఈ ద్వారము తెరువబడదు. అనుమతికై సంస్థకు దరఖాస్తు చేసికొనుట యొక మార్గము. ‘రిలేహోస్ట్’ అను సెట్టింగునందు ఒక రిలే సేవ పేరును 587వ పోర్టుతో వ్రాసి, యూజర్‌నేము, పాస్‌వర్డు, టీ.ఎల్.ఎస్. అమర్చుకొనుట రెండవ మార్గము. రెండవదానిని అవలంబించినచో మీ డొమైన్ ఎస్.పి.ఎఫ్. రికార్డునందు ఆ సేవను చేర్చుట మరువరాదు.

ప్రశ్న: ‘టైమ్డ్ అవుట్’, ‘రిఫ్యూజ్డ్’ అను రెండును ఒకటియేనా?
— ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: అమ్మా, ఒకటి కావు. తలుపు తట్టిన వెంటనే లోపలినుండి ‘పొమ్ము’ అను మాట వినబడుట ‘రిఫ్యూజ్డ్’. ఎంతసేపు తట్టినను అలికిడియే లేకపోవుట ‘టైమ్డ్ అవుట్’. మొదటిదానియందు యంత్రము చేరబడినది గాని ఆ పోర్టునందు మెయిల్ సేవ నడచుట లేదు, లేదా ఫైర్‌వాల్ బాహాటముగా తిరస్కరించుచున్నది. ‘హోస్ట్ నాట్ ఫౌండ్’ అనినచో డి.ఎన్.ఎస్. వైపు చూడవలెను. ‘నెట్‌వర్క్ ఈజ్ అన్‌రీచబుల్’ అని ఐపీవీ6 చిరునామా ప్రక్కన కనబడి, మీ యంత్రమునకు ఆ సౌకర్యము లేనిచో, ‘ఐనెట్ ప్రోటోకాల్స్’ అను సెట్టింగును ఐపీవీ4కు పరిమితము చేసి, పోస్ట్‌ఫిక్స్‌ను ఆపి మరల ప్రారంభించిన చాలును.

ప్రశ్న: క్యూ పెరుగుచున్నదను భయముతో మాటిమాటికి ఫ్లష్ చేయుచున్నాను. అంతయు తుడిచివేయుట మేలని మిత్రులందురు.
— ఒక సిస్టమ్ అడ్మినిస్ట్రేటరు, హైదరాబాదు

జవాబు: ఆ సలహాను దయయుంచి పాటింపకుడు. ‘పోస్ట్‌సూపర్’ ఆజ్ఞతో తుడిచివేయబడిన ఉత్తరమును గూర్చి పంపినవారికి ఎట్టి సమాచారమును పోదు. పరీక్ష రుసుమును గూర్చి వ్రాసిన విద్యార్థి తన యుత్తరము చేరినదనియే నమ్మియుండును. గమ్యము దొరకని ఉత్తరమును భద్రపరచి మరల మరల ప్రయత్నింపవలెనను నియమము, 2008లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 5321 నందు స్పష్టముగా కలదు: సాధారణముగా ప్రయత్నముల నడుమ కనీసము 30 నిమిషముల వ్యవధియు, విరమించుటకు ముందు 4, 5 దినముల ఓర్పును అది కోరుచున్నది. పోస్ట్‌ఫిక్స్ స్వతస్సిద్ధముగా 5 దినములు ఉత్తరమును కాపాడును. ఒక్కొక్క ఉత్తరమునకు ప్రయత్నముల వ్యవధిని 300 సెకండ్లనుండి 4000 సెకండ్ల వరకు తానే పెంచుకొనుచు పోవును. మీరు మాటిమాటికి ఫ్లష్ చేసినచో ఈ వివేకము వ్యర్థమై, 450, 451 అను తాత్కాలిక సంకేతములతో ‘పిదప రమ్ము’ అన్న సర్వరులను మరింత విసిగించినవారగుదురు.

కావున కారణము తొలగిన పిమ్మట మాత్రమే ‘పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్’ అని యొక్కమారు ఫ్లష్ చేయుడు. మరమ్మతు 5 దినములు మించునట్లున్నచో ‘మాగ్జిమల్ క్యూ లైఫ్‌టైమ్’ విలువను ముందుగానే పెంచుడు. ‘డిలే వార్నింగ్ టైమ్’ అనునది మొదట సున్నయై యుండుటచే ఆలస్యమును గూర్చి ఎవరికిని హెచ్చరిక పోదు. దానిని 4 గంటలుగా నిర్ణయించినచో, తన యుత్తరము ఇంకను దారిలోనే యున్నదని పంపినవానికి తెలియును, అవసరమైనచో ఫోను చేసియైనను పని నెరవేర్చుకొనును.