గడ్డినేలలో చెట్లెందుకు నాయనా

ఖాజీపేట

శీనాకు,

ఒక్క మొక్క కూడా వద్దు. జింకలకు నీడ కోసం వేప, కానుగ ఎక్కడ నాటాలని అడిగినావే, దానికి నా జవాబు అదే. అడవి చదువు చదువుతూ నువ్వు కూడా చెట్టుంటేనే అడవి అనుకుంటే ఎట్లరా? కృష్ణజింక తోడేలును దూరం నుంచే చూడాల, అడ్డం లేకుండా పరిగెత్తాల. చెట్లూ పొదలూ కమ్ముకుంటే దాని కాళ్ళు కట్టేసినట్టే. మన లంకమల అడవి సంగతి వేరు. అక్కడ 1986లో మళ్ళీ కనబడిన కలివికోడి పిట్టకు పొదా కావాల, పొదల నడుమ ఖాళీ నేలా కావాల. ఆ లెక్క జింకకు పెట్టొద్దు.

నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడుకు పోయి చూడు. బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేసినారు, 614 హెక్టార్లే. కాపలాతో జింకలు పెరిగి చుట్టుపక్కల చేలల్లో పడినాయి. పిట్ట మాత్రం తగ్గిపోతూ వచ్చింది. చుట్టూ బీళ్ళన్నీ సాగులోకి పోతే అంత చిన్న జాగాలో ఆ పిట్ట ఎట్ల నిలుస్తుంది? జింకలు చేను మేస్తే రైతు కోపం న్యాయమైందే. నష్టపరిహారం ఆ పంటకాలంలోనే చేతికి రాకపోతే జింక పక్షాన ఊళ్ళో ఎవడూ మాట్లాడడు.

గడ్డి అంతా ఒకే ఎత్తున ఉండకూడదు. మేతకూ చూపుకూ పొట్టి గడ్డి, ఈనిన పిల్లను దాచుకోను మోకాలెత్తు దుబ్బులు. అందుకే పశువుల్ని పూర్తిగా తరమొద్దు. తొలకరి నుంచి గింజ రాలేదాకా ఒక పక్క మేత ఆపి, తర్వాత వదులు. మరుసటేడు ఇంకో పక్క ఆపు.

తోడేలుంటే జింకలు తగ్గవా అన్నావు. పిల్లలూ, కుంటివీ కొన్ని పోతాయి, పోనీ. దాని భయంతోనే మంద ఒకచోట నిలిచి గడ్డిని మొదలంటా కొరక్కుండా కదులుతుంది. తోడేలుకు అసలు ముప్పు గొర్రెలు పోగొట్టుకున్నవాడు పెట్టే విషం. కాబట్టి ముందు గొర్రెల కాపరులతో కూర్చో. రాత్రి దొడ్డికి కంప గట్టిగా ఉందో లేదో నువ్వే చూడు.

ఇంకొకటి. పోతుజింక మళ్ళీమళ్ళీ ఒకేచోట పెంటికలు వేస్తుంది. వాన పడినాక ఆ కుప్ప పక్కన వంగి చూడు, సర్కారు తుమ్మ మొలకలు వేలెడంత లేచి ఉంటాయి. కాయలు తిన్న జింకే ఆ గింజలు మోసుకొస్తుంది. నేల తడి ఆరకముందే వేరుతో సహా పీకెయ్. మాను కట్టినాక నరికితే మోడు నుంచి మళ్ళీ చిగురేస్తుంది.

మీ చిన్నాయన