రెండో బాణం మనమే వేసుకోవద్దు





ఐ.టి.ఐ. ఫలితాలు వచ్చిన వారం మన పేటల్లో కొన్ని ఇండ్లు మూగబోతాయి. థియరీ గట్టెక్కి, ట్రేడ్ ప్రాక్టికల్‌లో తప్పిన పిల్లలున్న ఇండ్లు అవి. ఆ చదువు కోసం అమ్మానాన్నలు సుగ్గికని గుంటూరు మిరప కోతలకు పోయి వచ్చింటారు. ఆదోని జిన్నింగు మిల్లులోనో, ఎమ్మిగనూరు మోటార్ల షాపులోనో ఎలక్ట్రీషియన్‌గా నిలబడతాడనుకున్న కొడుకు గడప దాటడం లేదు.

తమ్ముడూ, చెల్లెమ్మా, ఈ పాఠం మీలో అట్లా కూర్చున్న ఒక్కొక్కరి కోసం.

తలరాత కాదు, కారణం

"మన రాత ఇంతే" అనే మాటను ధమ్మం ఒప్పుకోదు. పోయిన జన్మ కర్మ ఈ జన్మలో అనుభవిస్తున్నామనే సిద్ధాంతాన్ని బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో తోసిపుచ్చారు. బుద్ధుడు చెప్పింది పటిచ్చ సముప్పాదం. కారణం ఉంటే ఫలితం ఉంటుంది, కారణం పోతే ఫలితం పోతుంది.

నీ ప్రాక్టికల్‌నే చూడు. స్టార్-డెల్టా స్టార్టర్ కనెక్షన్ ఇచ్చారనుకో. మూడు కాంటాక్టర్లు, ఒక టైమర్, మోటారుకు ఆరు టెర్మినళ్లు. ఒక్క వైరు తారుమారైతే మోటారు సరిగా తిరగదు. స్టార్, డెల్టా రెండూ ఒకేసారి పడకుండా ఇంటర్‌లాక్ పెట్టకపోతే షార్ట్ అవుతుంది. మోటారుకు నీ కులం తెలియదు, నీ జాతకం తెలియదు. ఏ వైరు యాడికి పోయిందో అదొక్కటే దానికి తెలుసు. కాబట్టి తప్పు వెతికితే దొరుకుతుంది. దొరికితే దిద్దుకోవచ్చు.

రెండు బాణాలు

సల్లత్థ సుత్తంలో బుద్ధుడు ఒక ఉపమానం చెబుతాడు. బాణం తగిలితే నొప్పి అందరికీ ఉంటుంది. తెలియనివాడు ఆ నొప్పికి ఏడ్చి, కుమిలి, మనసుకు రెండో బాణం తగిలించుకుంటాడు. తెలిసినవాడికి తగిలేది ఒక్కటే.

పరీక్ష తప్పడం మొదటి బాణం. "నేను పనికిరాను" అనుకోవడం రెండోది. "కోటాలో వచ్చినోళ్లు ఇంతే" అని ఎవరో అంటారు. ఆ మాట తప్పు, దాన్ని సంఘంగా ఎదుర్కొందాం. కానీ వాడు అన్నది ఒక్కసారి. రాత్రంతా మనమే దాన్ని వందసార్లు అనుకుంటే ఆ బాణం ఎవరు వేసినట్టు?

చేతితో నేర్చినవాడు

చూళపంథకుడు అనే భిక్షువుకు నాలుగు నెలలైనా ఒక్క గాథ నోటికి రాలేదు. సొంత అన్నే విహారం నుంచి పొమ్మన్నాడు. బుద్ధుడు అతన్ని పిలిచి ఒక తెల్లటి గుడ్డ ఇచ్చి, చేత్తో రుద్దుతూ ఉండమన్నాడు. రుద్దగా రుద్దగా గుడ్డ మాసింది. అనిత్యం అంటే ఏమిటో అతనికి అప్పుడు అర్థమైంది. ఆ కథలోని అద్భుతాలను పక్కన పెడదాం. పుస్తకంతో రానిది చేతిపనితో వచ్చిందన్నది మనకు ముఖ్యం. ఐ.టి.ఐ.లో థియరీకి 33 శాతం చాలు, ప్రాక్టికల్‌కు 60 కావాలి. చేయి తిరగాల్సిందే.

బాబాసాహెబ్‌కూ వెనక్కి వచ్చింది

1922లో బాబాసాహెబ్ లండన్‌లో రూపాయి సమస్య మీద డి.ఎస్‌సి. సిద్ధాంత గ్రంథం ఇచ్చారు. 1923లో దాన్ని దిద్ది తెమ్మన్నారు. ఆయన బొంబాయికి తిరిగొచ్చి, దిద్ది, మళ్లీ పంపారు. అదే ఏడాది అది ఆమోదం పొందింది. ఈ రోజు ఆ డిగ్రీని మనం గర్వంగా చెప్పుకుంటాం. వెనక్కి వచ్చిన సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి.

సమ్మా వాయామం: ఈ నెల సాధన

1. మూడు రోజులు బాధపడు, ఫరవాలేదు. నాలుగో రోజు ఇన్‌స్ట్రక్టర్‌ను కలిసి, ఏ మెట్టులో తప్పావో అడిగి రాసుకో.
2. రోజూ పుస్తకం మూసి సర్క్యూట్ గీయి. పవర్, కంట్రోల్ వేర్వేరుగా గీయి.
3. సప్లై లేకుండా కనెక్షన్ ఇచ్చి, మల్టీమీటర్‌తో కంటిన్యూటీ చూసుకో. గడియారం పెట్టుకుని మళ్లీ విప్పి మళ్లీ కట్టు.
4. సప్లిమెంటరీకి ఫీజు గడువు దాటనీయకు.

ఎమ్మిగనూరు మగ్గం మీద నూలు తెగితే నేతగాడు మగ్గాన్ని తిట్టడు, చీరను పారేయడు. తెగిన పోగు వెతికి ముడి వేస్తాడు.

పెద్దలకు ఒక మాట: ఆదివారం వందనకు ఆ పిల్లవాణ్ని తోడుకుని రండి. మనలో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు. వాళ్లు వారానికి రెండు గంటలు పక్కన కూర్చుంటే అదే కల్యాణ మిత్రత.

చర్చించండి: మీ ఇంట్లో ఎవరైనా పరీక్ష తప్పినప్పుడు మీరన్న మొదటి మాట ఏమిటి? అది మందా, రెండో బాణమా?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!