ధ్రువసముద్రపు మట్టమును గొలుచు విధము

ఉత్తర ధ్రువసముద్రము చాలభాగము తేలు మంచుగడ్డలచే గప్పబడియుండును. అచ్చటి నీటిమట్టమును గొలుచుట యెట్లు?

2010వ సంవత్సరమున ఐరోపా అంతరిక్షసంస్థవారు క్రయోశాట్-2 అను ఉపగ్రహమును బంపిరి. సుమారు 700 కిలోమీటర్ల యెత్తునుండి యది రాడార్ తరంగములను క్రిందికి బంపును. అవి పోయి వచ్చు కాలములో సగమును తరంగవేగముచే గుణించిన దూరము వచ్చును. ఉపగ్రహముయొక్క యెత్తునుండి దానిని దీసివేసిన, తరంగము తగిలిన చోటి యెత్తు తెలియును. కాలము సెకనులో నూఱుకోట్లవ వంతు తప్పినను ఎత్తు 15 సెంటీమీటర్లు తప్పును.

మఱి తగిలినది మంచో, నీరో యెట్లు తెలియును? మంచు పగుళ్లలోని నీరు నిశ్చలమై యద్దమువలె తరంగమును స్పష్టముగ మరలించును. గరుకైన మంచు దానిని జెదరగొట్టును. ఆ పగుళ్లయందే సముద్రమట్టము గొలువబడును.

తేలు మంచు కరగిన మట్టము దాదాపు మారదు. గ్రీన్లాండువంటి నేలమీది మంచు కరగి కడలి జేరిన హెచ్చును. ఆ హెచ్చు లోకమందలి పల్లపు తీరములకెల్ల నపాయకరము. కావుననే యింత సూక్ష్మమైన లెక్క.