బెంచీ దగ్గర నుంచి లేచే ముందు

టెక్సాస్‌లో మనవాళ్లలో కొందరికి షూటింగ్ రేంజ్ అలవాటైంది. వాళ్లలో కొద్దిమంది, కాల్చేసిన తూటాల ఇత్తడి గొట్టాలు ఏరి తెచ్చుకుని, గ్యారేజీలో కూర్చుని మళ్లీ తూటాలు తయారు చేసుకుంటున్నారు. రీలోడింగ్ అంటారు. ఓపిక, శ్రద్ధ కావలసిన పని. చేస్తున్నంతసేపూ మీ కళ్లు, చేతులు దాని మీదే ఉంటాయి కాబట్టి నాకు బెంగ లేదు. ఇండియా నుంచి ఫోనొచ్చిందనో, చంటిది లేచిందనో మధ్యలో వదిలేసి వెళ్తారు చూడండి, నా భయమంతా అప్పుడే.

ముందు ప్రైమర్లు. తూటా అడుగున బిగించే ఈ చిన్న బిళ్ల మీద దెబ్బ పడితే నిప్పు పుడుతుంది. చమ్కీలా మెరుస్తుంది కనుక పాకే బిడ్డకు దొరికితే నేరుగా నోట్లోకే. కంపెనీ పెట్టెలో ప్రైమర్లను విడివిడిగా అమర్చడానికి కారణముంది. గాజు సీసాలో గుట్టగా పోస్తే, ఒకటి పేలితే దానితోపాటు అన్నీ పేలతాయి. అందుకే ట్రేలో మిగిలినవి రెండైనా సరే, తిరిగి ఆ పెట్టెలోకే వెళ్లాలి. కింద పడ్డవి వంగి ఏరండి. వ్యాక్యూమ్ పెట్టొద్దు, అందులోనే పేలొచ్చు. కార్పెట్ ఉన్న గదిలో అసలు ఈ పని పెట్టుకోకండి.

తర్వాత పౌడర్, అంటే తూటాలో నింపే మందు. దాన్ని పోసే హాపర్‌లో (గరాటు లాంటి పాత్రలో) రేపటికి వదలొద్దు. చాలా రకాలు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నిదానంగా మండాల్సిన దానికి బదులు త్వరగా మండేది పడితే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. బెంచీ మీద ఎప్పుడూ ఒక్క డబ్బాయే ఉంచండి. మిగిలింది అందులోకే పోసి, మూత బిగించి లేవండి. ఏ డబ్బాలోదో అనుమానం వస్తే ఇక దాన్ని వాడొద్దు.

జాగ్రత్త అనుకుని కొందరు పౌడర్‌ని తుపాకుల ఇనుప సేఫ్‌లో పెట్టి తాళం వేస్తారు. ఇది మాత్రం చేయకండి. ఈ పౌడర్ ఆరుబయట అంటుకుంటే భగ్గున మండిపోతుంది. గట్టిగా బిగిసిన ఇనుప పెట్టెలో అంటుకుంటే వాయువులకు దారి దొరక్క పెట్టె మొత్తం పేలుతుంది. చెక్క బీరువా, ఎత్తైన అర, దానికో తాళం ఉంటే మేలు. అమెరికాలోని ఎన్‌ఎఫ్‌పీఏ 495 అనే అగ్ని భద్రతా ప్రమాణం ఇళ్లలో 20 పౌండ్ల వరకు పౌడర్‌ను సొంత డబ్బాల్లో ఉంచుకోనిస్తుంది. అది దాటితే 50 పౌండ్ల వరకు అంగుళం మందం చెక్కపెట్టె కావాలి. ప్రైమర్లు 10,000 మించకూడదు. నన్నడిగితే పిల్లలున్న ఇంట్లో ఇందులో పదోవంతు చాలు. ప్రైమర్లనూ పౌడర్‌నూ ఒకచోట పెట్టొద్దు. వాటర్ హీటర్ పక్కన ఏదీ పెట్టొద్దు. ఎండాకాలం గ్యారేజీ ఉడికిపోతుంది, ఆ వేడికి పౌడర్ చెడుతుంది కాబట్టి ఇంట్లో చల్లటి, పొడి చోటు చూడండి.

కంటికి కనిపించేవాటికి తాళం వేస్తాం. సీసం దుమ్ముకు తాళం వేయలేం. ప్రైమర్ మసిలోనూ, గొట్టాలు శుభ్రం చేసినప్పుడు లేచే దుమ్ములోనూ అది ఉంటుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకు 3.5 మైక్రోగ్రాముల సీసం కనిపించినా పట్టించుకోవాలని 2021లో సీడీసీ చెప్పింది. అందుకని చెప్పులు గ్యారేజీలోనే విడిచి, చేతులు సబ్బుతో కడిగి, చొక్కా మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోండి. మీకీ వ్యాపకం ఉందని పిల్లల డాక్టరుకు మొహమాటపడకుండా చెప్పండి. బిడ్డ పౌడరో ప్రైమరో మింగిందేమో అనిపిస్తే పాయిజన్ కంట్రోల్ వాళ్లకు వెంటనే ఫోన్ చేయండి: 1-800-222-1222. ఆ నంబరు బీరువా తలుపు మీదే అంటించండి.

కాస్త ఊహ తెలిసిన పిల్లల దగ్గర దాపరికం పనికిరాదు, అది వాళ్ల కుతూహలాన్ని పెంచుతుంది. పక్కన కూర్చోబెట్టుకుని ఏది ఏమిటో చెప్పండి. ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్లకూ చెప్పాలి. గ్యారేజీ సర్దుదామని చిందిన పౌడర్‌ని ఏ ఖాళీ పచ్చడి సీసాలోకో ఎత్తగలరు పాపం. "అత్తయ్యా, ఇది మందుగుండు, ఈ బీరువా మాత్రం నేనే సర్దుకుంటాను" అంటే ఆమెకు చప్పున అర్థమవుతుంది. తిరిగి వెళ్లేటప్పుడు రేంజ్‌కు తీసుకెళ్లే సంచీ వాళ్ల చేతికివ్వకండి. జేబు మూలలో మిగిలిన ఒక్క తూటా ఇండియా విమానాశ్రయంలో దొరికినా ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు.