ట్యూబ్‌లైట్ కింద పిల్లల ఫొటోలు మసకగా వస్తున్నాయా? కిటికీ, థర్మోకోల్ షీట్, స్నాప్‌సీడ్ చాలు!

ఇంట్లో ఫోన్ల గురించి కాస్త ఎక్కువ తెలిసింది మీకేనా? అయితే మేనకోడలి పుట్టినరోజు ఫొటోలు తీసే డ్యూటీ కూడా మీదే. 50 మెగాపిక్సెల్ కెమెరా ఉంది కదా అని ధైర్యంగా క్లిక్ చేస్తే చేతులు చెదిరిపోయి, ముఖం పాలిపోయి వస్తుంది. వెంటనే అందరూ ఫిల్టర్ వెతుకుతారు. ఏఐ టూల్స్ మసకను కొంత తగ్గిస్తాయి కానీ, ఫొటోలో లేని వివరాన్ని ఊహించి గీస్తాయి. రోజూ చూసే ముఖం కాబట్టి ఆ తేడా అమ్మానాన్నలకు ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ముందు వెలుగు, తర్వాతే ఎడిటింగ్.

అసలు మసక ఎందుకు వస్తుంది?

గదిలో వెలుగు తక్కువైతే ఆటో మోడ్‌లో ఫోన్ షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. షట్టర్ స్పీడ్ సెకనులో 30వ వంతు అనుకుందాం. సెకనుకు మీటరు వేగంతో ఊగే చెయ్యి ఆ కాస్త సమయంలోనే 3 సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. అదే సెకనులో 250వ వంతు అయితే 4 మిల్లీమీటర్లే.

మరి షట్టర్ స్పీడ్ పెంచేస్తే సరిపోతుందా? ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దానివల్ల చాలా ట్యూబ్‌లైట్లు, చవక ఎల్‌ఈడీ బల్బులు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులతో మినుకుతాయి. కంటికి తెలియదు కానీ, షట్టర్ వేగం పెరిగితే ఫొటోలో అడ్డచారలు పడతాయి. మీ ఇంట్లో చూడాలంటే ప్రో మోడ్‌లో షట్టర్ స్పీడ్ 1/500 పెట్టి తెల్ల గోడను ఫొటో తీయండి. చారలు కనిపిస్తే ఆ లైటు పిల్లల ఫొటోలకు పనికిరాదు. నైట్ మోడ్ కూడా వద్దు. అది చాలా ఫ్రేములను కలిపి ఒక ఫొటో చేస్తుంది కాబట్టి, కదిలే పిల్లలు నీడల్లా వస్తారు.

మినుకు లేని వెలుగు ఇంట్లో ఉచితంగా దొరికే చోటు ఒక్కటే... కిటికీ.

కిటికీ దగ్గర సెటప్ ఇలా

• నేరుగా ఎండ పడని కిటికీని ఎంచుకోండి. ఎండ పడుతుంటే పలుచటి తెల్ల పంచె గానీ, దుప్పటి గానీ అడ్డంగా కట్టండి. వెలుగు మెత్తబడుతుంది.

• పిల్లల్ని కిటికీకి 2, 3 అడుగుల దూరంలో నేలమీద కూర్చోబెట్టండి. వెలుగు ముఖం మీద ఏటవాలుగా పడాలి. కిటికీ వాళ్ల వెనక ఉంటే ముఖం నల్లబడుతుంది. కిటికీ గట్టు మీద మాత్రం కూర్చోబెట్టొద్దు.

• రెండో చెంప మరీ చీకటిగా ఉంటే ఆ వైపు తెల్ల థర్మోకోల్ షీట్ నిలబెట్టండి. సినిమా షూటింగుల్లోనూ ఇదే కిటుకు వాడతారు.

• గదిలో లైట్లన్నీ ఆపేయండి. పగటి వెలుగు, పసుపు బల్బు కలిస్తే ఒక చెంప నీలంగా, ఇంకోటి పసుపుగా వస్తుంది. తర్వాత దాన్ని సరిచేయడం పెద్ద తలనొప్పి.

• ఫ్లాష్ ఆఫ్. లెన్స్ పక్కనుంచే పడే వెలుగు ముఖాన్ని చదునుగా చేసి, వెనక గోడ మీద గట్టి నీడ వేస్తుంది.

అంతా సరిగ్గా ఉందో లేదో తెలియాలంటే కళ్లు చూడండి. కనుపాపలో కిటికీ మెరుపు చిన్న తెల్లచుక్కలా కనిపిస్తే రెడీ!

ఫోన్‌లో మార్చాల్సినవి

ప్రో మోడ్ ఉంటే షట్టర్ స్పీడ్ 1/250, ఐఎస్‌ఓ ఆటో. కాస్త నాయిస్ వచ్చినా పర్లేదు, మసక కంటే అదే నయం. ఐఫోన్ సొంత కెమెరా యాప్‌లో షట్టర్ కంట్రోల్ ఉండదు. కాబట్టి కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరిగి, బర్స్ట్ మోడ్‌లో తీయండి. ముఖం మీద నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి.

మెయిన్ లెన్స్‌తో మరీ దగ్గరికి వెళ్తే ముక్కు పెద్దదిగా, చెవులు చిన్నవిగా వస్తాయి. 2ఎక్స్ పెట్టి ఓ అడుగు వెనక్కి జరగండి. మీరూ నేలమీద కూర్చుని, పిల్లల కంటి ఎత్తులో ఫోన్ పట్టుకోండి. "ఇటు చూడు, నవ్వు" అనకుండా చేతికి ఏదో ఒక బొమ్మ ఇచ్చి ఆడుకోనివ్వండి. ఇక బ్యూటీ మోడ్ తప్పకుండా జీరోలో ఉండాలి. అది దిష్టిచుక్కను కూడా మచ్చ అనుకుని చెరిపేయగలదు!

స్నాప్‌సీడ్‌లో ఈ వరుసలో ఎడిట్ చేయండి

1. ముందు క్రాప్. అనవసరమైన చార్జర్ వైర్లు, బట్టల స్టాండు ఫ్రేములోంచి పోవాలి.

2. వైట్ బ్యాలెన్స్. ఐడ్రాపర్‌ను ఫొటోలోని తెల్లటి వస్తువు మీద పెట్టండి. ఆకుపచ్చ గోడ వల్ల చర్మం మీద పడిన ఛాయ చాలావరకు పోతుంది.

3. ట్యూన్ ఇమేజ్‌లో షాడోస్ కొద్దిగా పెంచండి. శాచురేషన్ జోలికి వెళ్లొద్దు, పెదాలు, బుగ్గలు ఎర్రబడిపోతాయి.

4. సెలెక్టివ్ టూల్‌తో ముఖం మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో పరిధి సరిచేసి బ్రైట్‌నెస్ 15 వరకు పెంచండి.

5. హీలింగ్. దీనికి ఒక్కటే రూల్: వారంలో దానంతట అదే పోయేది తీసేయండి, ముఖం మీద ఎప్పటికీ ఉండేది వదిలేయండి. దోమకాటు, బుగ్గమీద అన్నం మెతుకు తీసేయొచ్చు. పుట్టుమచ్చ ముట్టుకోవద్దు.

చివర్లో ఫొటో మీద వేలు నొక్కిపెట్టి ఒరిజినల్‌తో పోల్చండి. తేడా చూడగానే "ఎడిట్ చేశారు" అనిపిస్తే సగం వెనక్కి తగ్గించండి.

"కాస్త తెల్లగా చెయ్యవా?"

ఈ మాట ఇంట్లో ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. వెలుగు పెంచడం వేరు, రంగు మార్చడం వేరు. చీకట్లో ఉన్న ముఖాన్ని కనిపించేలా చేయడం ఎడిటింగ్. చామనఛాయ పాపను తెల్లపిల్లగా మార్చేస్తే అది ఆ పాప ఫొటోనే కాదు. పదేళ్లు వచ్చాక తన ఫొటో తనే చూసుకుని, "నా రంగు ఎందుకు మార్చారు?" అని అడిగితే మన దగ్గర సమాధానం ఉండదు. అందుకే ముఖం పక్కన చెయ్యి కూడా గమనించండి. రెండింటి రంగూ కలిస్తే మీ ఎడిటింగ్ సరిగ్గా ఉన్నట్టే.

పంపేముందు

ఎక్స్‌పోర్ట్ ఎంచుకుని వేరే కాపీ సేవ్ చేయండి, ఒరిజినల్ ఎప్పటికీ డిలీట్ చేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో క్వాలిటీ తగ్గుతుంది. హెచ్‌డీ ఆప్షన్‌తో పంపండి, ప్రింట్ కోసమైతే డాక్యుమెంట్‌గా పంపండి. డాక్యుమెంట్‌గా పంపితే ఫొటోతో పాటు లొకేషన్ వివరాలు కూడా వెళ్లొచ్చు కాబట్టి, కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ట్యాగ్ ముందే ఆపేయండి. 4×6 అంగుళాల మంచి ప్రింటుకు 1200×1800 పిక్సెల్స్ చాలు. అంటే సుమారు 2 మెగాపిక్సెల్స్! పిల్లల ఫొటోల కోసం కొత్త ఫోన్ కొనాలనుకుంటున్నారా? ముందు ఈ ఆదివారం ఉదయం కిటికీ తెర పక్కకు జరిపి, ఇప్పుడున్న ఫోన్‌తోనే ఒకసారి ట్రై చేయండి.