ఆరు పెన్నీల బిళ్ళ

సికింద్రాబాద్

మేనకోడలికి,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. బ్రయాన్ మే గిటార్‌కు నకలు ఒకటి, వాక్స్ ఏసీ30 యాంప్ ఒకటి, ట్రెబుల్ బూస్టర్ ఒకటి. మూడింటి ధరలూ వరసగా రాసి, కింద గీత గీసి, కూడి మరీ పంపావు. "అమ్మతో నువ్వు చెప్పు మామయ్యా" అన్నావు. మీ అమ్మతో చెప్పడానికి నాకు భయం లేదమ్మా, సగం వినకుండానే ఫోన్ పెట్టేస్తుంది, అంతే. నాకు పట్టుకున్న సందేహం వేరు. ఆ మూడూ రేపు పొద్దున్నే నీ హాస్టల్ గదిలో దిగాయనుకో, ఆ మోత వస్తుందా? నలభై ఏళ్ళుగా పెళ్ళి ఆర్కెస్ట్రాల యాంప్‌లూ చర్చిల మైకుసెట్లూ విప్పి కూర్చున్నవాణ్ణి. రాదనే నా అనుమానం. ఎందుకో రాస్తాను, తీరిగ్గా చదువు.

ముందు ఆ గిటార్ సంగతి. 1963లో లండన్ పక్కన ఫెల్థమ్‌లో, పదహారేళ్ళ కుర్రాడు బ్రయాన్ మేకు ఫెండర్ గిటార్ కావాలి. ఇంట్లో అంత డబ్బు లేదు. తండ్రి హెరాల్డ్ ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, చేతిపని బాగా తెలిసినవాడు. ఇద్దరూ కలిసి ఇంట్లోనే చెయ్యడం మొదలుపెట్టారు. రెండేళ్ళ దాకా పట్టింది. మెడకు ఎవరింట్లోనో పీకేసిన పాత ఫైర్‌ప్లేస్ చుట్టూ ఉన్న మహాగని చెక్క. దానికి పురుగు తొలిచిన చిల్లులుంటే అగ్గిపుల్లలు దూర్చి పూడ్చారు. ఒంటికి పాత బల్ల తాలూకు ఓక్ చెక్క. మెడ మీద గుర్తులకు వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. ట్రెమొలోకు పాత మోటార్‌సైకిల్ వాల్వ్ స్ప్రింగులు రెండు. ఆ ట్రెమొలో కాడ సైకిల్ సీటు వెనక సంచి తగిలించే కమ్మీ, దాని చివర తొడుగు అల్లికసూది ముక్క. ఇదీ రెడ్ స్పెషల్. 2002 జూన్‌లో బకింగ్‌హామ్ ప్యాలెస్ కప్పు మీద నిలబడి ఆయన వాయించినదీ ఇదే.

ఇది తెలిసిన కథే, వీడియోల్లో నువ్వూ చూసుంటావు. అందులో నాకు నచ్చిన ముక్క మాత్రం వేరే ఉంది. మొదట పికప్‌లు కూడా సొంతంగా చుట్టాడు. అయస్కాంతాలు కొని, రాగితీగ చుట్టి బిగించాడు. మోత బాగానే ఉంది కానీ తీగను పక్కకు లాగి బెండ్ చేస్తే గరగరమనే చప్పుడు. ఒక ధ్రువం మీదనుంచి ఇంకో ధ్రువం మీదికి తీగ జరిగినప్పుడు వచ్చే లోపం అది. కుర్రాడు పంతానికి పోలేదు. అవి తీసేసి బర్న్స్ కంపెనీ ట్రైసోనిక్ పికప్‌లు మూడు కొన్నాడు. వాటిని కూడా వచ్చినవి వచ్చినట్టు వాడలేదు. వాల్యూమ్ పెంచితే కీచుమంటున్నాయని లోపలంతా ఆరల్డైట్ పోసి చుట్టు కదలకుండా చేశాడు. చేసుకోవలసినది చేసుకున్నాడు, కొనవలసినది కొన్నాడు. ఎక్కడ కొనాలో తెలిసింది ఎలా? చేసి, విని, తప్పు ఎక్కడుందో పట్టుకున్నాడు కనుక. నీ జాబితాలో నాకు కనిపించనిది ఇదొక్కటే.

పికప్ ఒక్కొక్కదానికీ రెండేసి స్విచ్‌లు పెట్టాడు. ఒకటి ఆన్-ఆఫ్‌కు, ఒకటి ఫేజ్ తిప్పడానికి. రెండు పికప్‌లను ఎదురు ఫేజ్‌లో పెడితే ఒకదాని అలను ఇంకొకటి కొంత మింగేసి, మోత సన్నబడి ముక్కుతో పాడినట్టు మారుతుంది. మామూలు గిటార్‌లో నీకు దొరకని సౌకర్యం ఇది, ఒప్పుకుంటాను. కానీ నీ గిటార్‌కు ఆ స్విచ్ పెట్టాలంటే నాకు అరగంట పని. కోఠి గుజరాతీ గల్లీలో స్విచ్ కొనుక్కొస్తే చాలు.

ఇక తీగలు. నీ గిటార్‌కు కొన్నప్పుడు వేసిన పదుల సెట్టే ఇంకా ఉందని నా అనుమానం. విశాఖ సముద్రపు గాలికి అవి ఎప్పుడో తుప్పెక్కి ఉంటాయి. బ్రయాన్ మే వేసేవి తొమ్మిది నుంచి నలభై రెండు. అంటే సన్నతీగ మందం అంగుళంలో వెయ్యికి తొమ్మిది వంతులు, పావు మిల్లీమీటరు కూడా లేదు. ఇంకో కిటుకు ఆయన గిటార్ కొలతలోనే ఉంది. మీటల దగ్గరి నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు 24 అంగుళాలు. నీ గిటార్ స్ట్రాట్ నమూనా, 25.5 అంగుళాలు. శ్రుతి ఒకటే అయినా పొడవు తగ్గితే బిగువు తగ్గుతుంది. అదే తీగ ఆయన గిటార్ మీద పదో వంతుకు పైనే వదులుగా ఉంటుందన్నమాట. పాట పాడే గొంతులా తీగ వంగుతుందే, అది ఇక్కడ మొదలైంది. నువ్వు పదులు వేసుకుని, పెద్ద కొలత మీద, వేళ్ళు బొబ్బలెక్కేలా లాగి "యాంప్ బాగాలేదు" అంటున్నావు. యాంప్ ఏం చేస్తుంది పాపం!

తొమ్మిదుల సెట్టు వెయ్యి. వాయించాక ప్రతిసారీ పొడిబట్టతో తుడువు. తీగల సెట్టు ఒక పూట హోటల్ భోజనం ఖరీదు, అటూఇటూగా. వేసిన మర్నాడు నీ గిటార్ నీకే కొత్తగా వినబడుతుంది.

మీటడానికి ఆయన ప్లాస్టిక్ పిక్ వాడడు. ఇంగ్లండ్‌లో పాత ఆరు పెన్నీల నాణెం, సిక్స్‌పెన్స్ వాడతాడు. అది చెలామణీలోంచి పోయాక, 1993లో ఆయన టూర్ కోసం రాయల్ మింట్ ఆయన బొమ్మతో ప్రత్యేకంగా కొట్టి ఇచ్చింది కూడా. ప్లాస్టిక్ వంగుతుంది, నాణెం వంగదు. కనక తీగ మీద ఎంత ఒత్తిడి పడుతోందో వేళ్ళకే తెలుస్తుంది. అంచు నున్నగా ఉండదు కదా, కాస్త వాలుగా పట్టుకుంటే అంచు మీది గాట్లు తీగను రాపాడి, మొదటి అక్షరం పలికినట్టు ఒక చిన్న గర్ర వినబడుతుంది. నేను ఊరుకుంటానా? పాత పావలా తీసి చూశాను. కుప్రోనికెల్ పావలా, స్టీలుది కాదు. వెడల్పు దాదాపు సిక్స్‌పెన్స్ అంతే, అంచుకు గాట్లూ ఉన్నాయి. మొదటి పది నిమిషాలు రేకు మీద గోరు గీసినట్టుంది. తరవాత పట్టు సడలించాక ఆ గర్ర వచ్చింది, అమ్మలూ. నేను గిటార్ వాయించేవాణ్ణి కూడా కాదు!

యాంప్ సంగతి. ఏసీ30 పేరులో ముప్ఫై చూసి చిన్నదనుకోకు. ఈఎల్84 వాల్వ్‌లు నాలుగు, పన్నెండు అంగుళాల స్పీకర్లు రెండు. ఆయన దాన్ని పూర్తిగా తిప్పేసి ఉంచుతాడు. ఎక్కువా తక్కువా అంతా గిటార్ మీది వాల్యూమ్ మీటతోనే. అలా పూర్తిగా తిప్పితేనే వాల్వ్‌లు తట్టుకోలేక అలల కొనలు చదునై, ఆ మోత వస్తుంది. అప్పుడు మంద్రస్వరాలు బురదబురదగా అవుతాయి. అందుకే ముందర ట్రెబుల్ బూస్టర్. మంద్రాన్ని కాస్త కోసేసి మిగతాదాన్ని గట్టిగా తోస్తుంది. ఈ జోడీ రహస్యం ఆయనకు చెప్పింది గిటారిస్టు రోరీ గల్లఘర్. లండన్ మార్కీ క్లబ్బులో కచేరీ అయ్యాక ఈ కుర్రాడు వెనకాలే ఉండి అడిగితే దాచుకోకుండా చెప్పాడు. ఆ యాంప్‌ను హాస్టల్లో పూర్తిగా తిప్పావనుకో, వార్డెన్ నిన్ను ఆ రాత్రే ఇంటికి పంపిస్తుంది. తగ్గించి పెడితే ఆ మోత రాదు. మరి దాన్ని కొనడం దేనికి?

ఇంకొకటి విను. ఆయన రికార్డుల్లో వయొలిన్లూ క్లారినెట్లూ వాయించినట్టు వినబడే గిటార్ వరసలు చాలావాటికి వెనక ఉన్నది ఏసీ30 కాదు. ఆయన బ్యాండ్‌లోని బేస్ గిటారిస్టు జాన్ డీకన్ ఎలక్ట్రానిక్స్ చదువుకున్నవాడు. రోడ్డు పక్క చెత్త తొట్టిలో దొరికిన సర్క్యూట్ బోర్డు ఒకటి తెచ్చి, పుస్తకాల అరలో పట్టే స్పీకర్ పెట్టెలో బిగించి, తొమ్మిది వోల్టుల బ్యాటరీ తగిలించాడు. దానికి ఒక్క మీట లేదు, ఒక్క వాట్ కూడా రాదు. డీకీ యాంప్ అంటారు దాన్ని. 1975 నాటి 'గుడ్ కంపెనీ' పాటలో వినబడే జాజ్ బ్యాండ్ మొత్తం ఆ గిటారే, ఈ చెత్తబుట్ట యాంప్ మీదుగానే. నా బల్ల మీద అలాంటి బోర్డులు తక్కువలో తక్కువ పాతిక పడున్నాయి. చేతిలో వెన్న పెట్టుకుని నెయ్యి కోసం ఊరంతా తిరుగుతున్నావు.

నా చిన్నప్పటి ఘనకార్యం ఒకటి చెప్పి ఆపుతాను. ఇరవై రెండేళ్ళప్పుడు అప్పు చేసి పాత వాల్వ్ యాంప్ ఒకటి కొన్నాను. ఇంటికి రాగానే ఆత్రం. స్పీకర్ తీగ తగిలించకుండానే స్విచ్ వేసి, సిగ్నల్ ఇచ్చి, మీట పూర్తిగా తిప్పాను. పొగ, ఒక తీపివాసన, అంతే. ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. ఆ అప్పు తీర్చడానికి పదకొండు నెలలు పట్టింది. వాల్వ్ యాంప్‌కు స్పీకర్ లేకుండా ఎప్పుడూ పవర్ ఇవ్వకు. ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో మూడువందల వోల్టులు దాక్కుని ఉంటాయి, మూత తియ్యకు. అవి నా చేతికి వదిలెయ్యి.

అన్నట్టు, ఆ బ్యాండ్ కోసం మధ్యలో వదిలేసిన ఖగోళశాస్త్రం పీహెచ్‌డీని ఆయన 2007లో అరవయ్యేళ్ళ వయసులో పూర్తిచేశాడు. నీ మూడో సెమిస్టర్ మార్కుల విషయంలో మీ అమ్మకు ఈ కథ చెప్పకు. అది మనకు పనికిరాదు.

దసరాకు గిటార్ తెచ్చుకో. ఈలోపు ఏదీ ఆర్డరు పెట్టొద్దు. ఫేజ్ స్విచ్ వేస్తాను, బ్రిడ్జి ఎత్తు సరిచేస్తాను, నువ్వు ఫోన్లో చెప్పిన ఆ కిరకిర జాక్ దగ్గర సోల్డర్ ఊడడం వల్లే, అదీ చూస్తాను. నాలుగు రోజులు వాయించాక కూడా ఏసీ30 కావాలంటే మీ అమ్మతో నేనే మాట్లాడతాను. తొమ్మిదుల సెట్లు రెండు ఇవాళే తెచ్చి పెట్టాను. పూజగది డబ్బాలో వెతికితే పావలాలు ఇంకో మూడు దొరికాయి.

మీ మామయ్య